వ్యానుకు గడప

మా అత్తమ్మ రుక్మిణమ్మ గడప దాటిన అన్నం తినదు. ఏ ఇంట్లో వండిన అన్నం ఆ ఇంట్లోనే తినాలంటుంది. డబ్బాలో కట్టుకుని పోవడమంటే ఆమె దృష్టిలో అన్నాన్ని ఊరేగించడమే. హోటలు మాట ఎత్తనే కూడదు. షుగరు ఉంది కాబట్టి పూట తప్పించడానికీ వీల్లేదు. ఈ పట్టింపుతోనే ముసలితనం వచ్చింది గానీ, గంటన్నర దూరంలో ఉన్న నాగార్జున సాగర్ మాత్రం చూడలేదు. మిర్యాలగూడలో మా రైసుమిల్లు ఆడేది ఆ డ్యాం ఎడమ కాలువ కింద పండిన వడ్లతోనే.

ఒక్కసారి ఆ గేట్లు ఎత్తగా చూడాలని ఉందని మొన్న వానల్లో ఆమె నోరు జారింది. ఆ మాట పట్టుకుని మావారు శ్రీధర్ మిల్లులో బస్తాలు మోసి పాతబడ్డ వ్యానును వంటిల్లు చేస్తానన్నారు. సూర్యాపేట నుంచి ప్లైవుడ్ తెచ్చారు. కోత ఆయనది, కొలత నాది. ఏ డబ్బా ఎక్కడుంటే చెయ్యి అందుతుందో మా వంటింట్లో కళ్లు మూసుకుని చెయ్యి చాచి చూసుకున్నాను.

పప్పులూ ఉప్పూ చింతపండూ అరల్లో బాగానే కుదిరాయి. చిక్కంతా ఆవకాయ జాడీతోనే. అది లేనిదే అత్తమ్మ ముద్ద ఎత్తదు. లారీ లోడు కట్టినట్టు శ్రీధర్ దాన్ని తాడుతో బిగించారు. ముందు ఒక పాత జాడీలో నీళ్లు పోసి, కోదాడలో మా పుట్టింటిదాకా తీసుకెళ్లి చూశాం. దిగేసరికి జాడీ పగులిచ్చింది. నీళ్లన్నీ కింది అరలోని శనగపప్పులోకి దిగాయి. మా అమ్మ ఉమారాణి ఆ నానిన పప్పుతోనే వడలు వేసింది.

"ఇంకో అరలో నూనె కూడా ఒలకబోసుకొస్తే నాకు పని తగ్గేదండీ అల్లుడుగారూ" అంది.

ఉపాయం మిల్లు వెనక ఊక కుప్ప మీద దొరికింది. అక్కడ పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయినా దాని ఒంటి ఆకారంలో గుంట అలాగే ఉంది. గుడ్డ సంచిలో ఊక కూరి కుట్టి, అరలో పెట్టి, జాడీని అందులోకి నొక్కాను. ఆ తర్వాత దామరచర్లదాకా తిప్పినా అది కదల్లేదు.

అత్తమ్మ వచ్చి ఒక్కో అర తెరిచి, మూసి, జాడీని వేలితో నెట్టి చూసింది. చివరికి ఆమె చూపు తలుపు కింద ఆగింది.

"అంత మంచిగనే ఉంది బిడ్డా. మరి గడపేది? గడప లేంది వంటిల్లెట్లయితది?"

అన్నీ కొలిచిన మా ఇద్దరికీ అదొక్కటే తట్టలేదు. శ్రీధర్ ఒక టేకు పట్టీ తెచ్చి తలుపు అడుగున బిగించారు. నేను పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. ఆమె దాన్ని తాకి కళ్లకద్దుకుని, కుడికాలు లోపల పెట్టింది.

గేట్లు ఎత్తిన మర్నాడే బయలుదేరాం. సాగర్‌లో డ్యాం కింది వైపు ఆపాం గానీ, వ్యాను తలుపు కొండ వైపుకు పడింది. లోపలికి నీళ్ల హోరు మాత్రమే వస్తోంది. వ్యానులోనే పొయ్యి వెలిగించి అన్నం వండాను. తినే వేళయింది, ముందు అన్నం, తర్వాతే చూడడం అంది అత్తమ్మ. చేతులు తుడుచుకుని జాడీ మూత తీసింది. ఆవకాయ మీద నూనె ఒక్క చుక్కైనా ఒలకకుండా నిలిచి, ఆమె ముఖం అందులో కనబడుతోంది. కానీ ఆ హోరుకు నూనె పైపొర సన్నగా వణుకుతోంది. ఆమె దాన్నే చూస్తూ రెండు ముద్దలు తింది. మూడో ముద్ద కలుపుతూ కలుపుతూ లేచింది.

కంచం చేతిలోనే ఉంది. గడప దాటింది. వ్యాను చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి నిలబడింది.

కొండకూ కొండకూ మధ్య అంతా తెల్లగా దూకుతోంది. అది నీరని నమ్మడానికి నాకు కాసేపు పట్టింది. తుంపర మా ముఖాల మీదా, ఆమె కంచంలోని అన్నం మీదా పడుతోంది. శ్రీధర్ ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇన్నేండ్లు మనం తిన్నది గిదేనా, నవనీతా?"

అవునత్తమ్మా అన్నాను. ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు.

ఆమె కళ్లు తిప్పకుండా, తడిసిన ఆ ముద్దను నోట్లో పెట్టుకుంది.