రెబెక్క పేరు మీద ఎత్తిన బండలు

లారీ వెనక్కి వస్తోందని రెబెక్కకు ఎవరూ చెప్పలేదు. నేను పాలిషింగ్ మిషన్ దగ్గర నిలబడి చూశాను. అరిచాను కూడా. ఆ మోతలో నా గొంతు నాకే వినపడలేదు. లారీకి, బండల గుట్టకి మధ్య ఆమె కుడి చెయ్యి నలిగింది. తాండూరు బండల యూనిట్లలో ఇది కొత్త సంగతి కాదు. కొత్త కాదు కాబట్టే చెప్తున్నాను.

మా సేటు శంకరప్ప ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు. దయ అనుకునేరు. ఆ లారీకి బీమా తీరిపోయి ఏడాదైంది, కేసు పడితే కట్టాల్సింది ఆయనే. పదిహేనో రోజున మేస్త్రిని పంపి, వస్తే రా, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని చెప్పించాడు. రెబెక్కకు మొగుడు లేడు, బడికి పోయే బిడ్డ ఉంది. కట్టు విప్పకముందే పనిలోకి వచ్చింది.

వేళ్లు ముడుచుకోవు. వేడి, చల్లన తెలియవు. నొప్పి మాత్రం తెలుస్తుంది. ఆ చేత్తో బండ ఎలా ఎత్తుతుంది?

ఇక్కడే మేము తప్పు చేశాం. మా దగ్గర ఎవరు పేర్చిన వరుస మీద వాళ్లు సుద్దతో తమ గుర్తు గీస్తారు. సాయంత్రం మేస్త్రి గుర్తులు చూసి హాజరీ పుస్తకంలో ఎక్కిస్తాడు. రెబెక్కది శిలువ గుర్తు. మాలో పెద్దదైన మొగులమ్మ తాను పేర్చిన ఒక వరుస మీద శిలువ గీసింది. మర్నాడు ఇంకొకరు గీశారు. నేనూ గీశాను. పద్నాలుగు నెలలు పదకొండుమందిమి ఆమె వంతు పని చేశాం. ఆమె ఎడమ చేత్తో రాతిపొడి ఊడ్చేది. శంకరప్పకు తెలియదా? రోజూ చీపురు పట్టుకుని ఆయన కారుకు దారిచ్చేది ఆమే. బండలు తగ్గలేదు కాబట్టి ఆయన కళ్లు మూసుకున్నాడు. మేమేమో పుణ్యం చేస్తున్నామని పొంగిపోయాం.

మా కూలీల సంఘం వకీలు నిరోషా వికారాబాద్ కోర్టులో కేసు వేసింది. బిల్లులకు, పోయిన కూలికి లెక్క ఉంటుందట. లెక్కకు రానివీ ఉంటాయట: నొప్పి, అవమానం, బతుకులో పోయిన సంతోషం. వాటికీ పరిహారం అడగొచ్చంది. మేము నమ్మలేదు. నొప్పికి రశీదు ఎవరిస్తారు?

నీకేం పోయిందో చెప్పమని నిరోషా అడిగితే రెబెక్క గోడవైపు చూస్తూ చెప్పింది.

"పెండ్లిళ్లకు పోతలేను మేడం. బంతిల కూసోని ఎడమ చేత్తోని తింటే పక్కపొంటోళ్లు జూస్తరు. చర్చిల రొట్టె తీసుకునేటందుకు ముందటికి పోతలేను. నా బిడ్డ జడ నేనే ఏసేదాన్ని. గిప్పుడు పక్కింటామె ఏస్తది."

పద్నాలుగు నెలలు పక్కనే పనిచేశాను, ఇందులో ఒక్కటీ నాకు తెలియదు. సిగ్గేసింది.

కోర్టులో శంకరప్ప వకీలు హాజరీ పుస్తకం తెరిచాడు. ఒక్క రోజు నాగా లేదు, ఒక్క వరుస తగ్గలేదు. ఇన్ని బండలెత్తిన చేతికి జడ వేయడం బరువైందా అమ్మా అని మెత్తగా అడిగాడు. రెబెక్క మా వైపు చూసింది. నిజం చెబితే మా పనులు పోతాయి, చెప్పకపోతే తాను అబద్ధాలకోరు. తల దించుకుని ఊరుకుంది. ఆమె కోసం మేము గీసిన గీతలే ఆమెకు ఉరితాళ్లయ్యాయి.

తిరుగు రైలులో తగువు మొదలైంది. నిజం ఒప్పుకుంటే దొంగ లెక్క రాయించామని సేటు కేసు పెడతాడు, తాండూరులో ఏ యూనిట్‌లోనూ అడుగు పెట్టనివ్వరు అన్నాడు మాతోపాటు శిలువలు గీసిన మల్లప్ప. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఒప్పుకోకపోయినా రెబెక్క పని ఇంకెన్నాళ్లు దాస్తామని ఇంకొకరు అరిచారు. ఎటు పోయినా గోడే. చివరికి రెబెక్కే అంది, కేసు వాపసు తీసుకుంటానని.

"నా ఒక్కదాని చేయి కోసం గిన్ని పొయిలు ఆర్పుతనా?"

మొగులమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీ ఒక్కదానిదే అనుకుంటున్నవా బిడ్డా? రేపు నాది నలుగుతది, ఎల్లుండి మల్లప్పది. గప్పుడు గూడ సేటు గీ పుస్తకమే తెచ్చి జూపిస్తడు, చెయ్యి పోయినా పని జేస్తరు గద అని. నీ నొప్పిని మనమే కప్పిపెట్టినం. మనమే ఇప్పాలె."

మర్నాడే మొగులమ్మ పోయి నిరోషాకు అంతా చెప్పేసింది.

నిరోషా మమ్మల్ని సాక్షులుగా పిలిపించింది. వాయిదా రోజున తొమ్మిదిమందిమి రైలెక్కాం. మల్లప్ప, ఇంకొకరు రాలేదు. వాళ్లను తిట్టే మొహం నాకు లేదు. దారిలో రైలు ఆగిన ప్రతిచోటా దిగిపోదామనే అనిపించింది.

మొగులమ్మ బోనెక్కి, ఆ శిలువలు గీసింది మేమేనని చెప్పింది. ఇది మోసం, జైలుకు పోతారని తెలుసా అని శంకరప్ప వకీలు బెదిరించాడు.

"తెలుసు. రాసుకోండ్రి," అంది.

ఆమె వెనక ఎనిమిదిమందిమి ఒక్కొక్కరం ఎక్కి అదే చెప్పాం.

సాయంత్రం తాండూరులో దిగేసరికి ప్లాట్‌ఫాం మీద పోలీసులున్నారు. ఠాణాకు తీసుకెళ్లారు. రెబెక్క, నిరోషా వెంట వచ్చారు. ఎస్సై బల్ల పక్కన శంకరప్ప కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఎస్సై ఫిర్యాదు చదివాడు: "చేయి చెడిపోయి రెబెక్క ఒక్క బండ కూడా ఎత్తలేకపోయినా, ఎత్తినట్టుగా ఈ తొమ్మిదిమంది పద్నాలుగు నెలలు దొంగ గుర్తులు గీసి నన్ను మోసం చేశారు." కింద శంకరప్ప సంతకం.

నిరోషా లేచి ఆ కాగితం నకలు అడిగింది. ఎందుకన్నాడు ఎస్సై. రెబెక్క ఒక్క బండ కూడా ఎత్తలేకపోయిందని సేటే రాసిచ్చారు, రేపు కోర్టులో పెడతానంది.

శంకరప్ప కాలు కిందికి దిగింది. చెయ్యి చాచి, కాగితం ఇటివ్వండి, పాపం కూలోళ్లు, కేసు వద్దులే, ఇళ్లకు పంపేయండి అన్నాడు. ఎస్సై మాకు తలుపు చూపించాడు. పొమ్మన్నాడు.

ఎవరూ కదల్లేదు. మొగులమ్మ ఠాణా నేల మీద చతికిలబడింది. మేమూ కూర్చున్నాం. మా మధ్య రెబెక్క కూర్చుంది. బయట గేటు దగ్గర యూనిట్ల జనం గుమిగూడుతున్నారు, ముందు మల్లప్ప ఉన్నాడు.

"మేం పోము సారూ," అంది మొగులమ్మ. "మమ్ముల లోపలెయ్యి. గా కాయితం మాత్రం వాపస్ ఇయ్యకు."