నాలుక చివర ఉప్పు

గంజిలో ఉప్పెంత పడిందో ఉపవాసం ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది? రంజాన్ నెల మొదలైన దగ్గర్నుంచీ ఆర్జూకి సాయంత్రాలు ఇదే గండం. బుచ్చయ్యపేట స్కూల్లో పాఠాలు చెప్పి, ఆటోలో చోడవరం వచ్చి, చెప్పులు విప్పుతూనే పొయ్యి దగ్గరికి పోతుంది. ఉపవాసం విడిచే అజాన్ వినబడేలోగా గంజి దిగాలి. తనూ రోజాలోనే ఉంది కనక రుచి చూడకూడదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమె మొగుడు ముజాహిద్ నోరు ఊరికి మంచిదే. బట్టల కొట్లో బేరమాడే ఆడవాళ్ళంతా బంగారంలాంటి మనిషంటారు. ఆ బంగారం ఇంట్లో మొదటి చెంచాకే మొహం మాడ్చేస్తుంది. "ఏటిది, సముద్రం తెచ్చి పోసేవా?" అని ఓ రోజు. "ఇంట్లో ఉప్పు నిండుకుందా ఏటి?" అని ఇంకో రోజు. నిన్నయితే గిన్నె తోసేసి లేచిపోయాడు. మామగారు బుడాన్ సాహెబ్, "మీ అత్తమ్మని సూసి నేర్సుకోమ్మా. ఒక్కనాడూ రుచి సూళ్ళేదు, ఒక్కనాడూ ఉప్పు తప్పలేదు. అది సేతి మహిమ" అన్నాడు. ఆర్జూ తన చేతులు చూసుకుంది. తెల్లారకముందే సహరీ భోజనం వండి, పగలంతా బోర్డు మీద రాసొచ్చిన చేతులవి. ఆ సంగతి అక్కడెవరికీ తోచలేదు. ఆమెకీ తోచలేదు సుమండీ, సిగ్గు మాత్రం పడింది.

ఇవాళ ఉప్పు డబ్బా మూత తియ్యడానికి చెయ్యి రాలేదు. మోకాళ్ళ నొప్పులతో వంటింట్లోకి రావడం మానేసిన అత్తగారు అక్బరీ బేగం గోడ పట్టుకుంటూ వచ్చింది.

"నాలిక సివర ఆనించి ఉమ్మెయ్యమ్మా. రోజా పోదు."

"తప్పు కదా అత్తమ్మా?"

"మొగుడు కోపిష్టోడైతే తప్పు లేదని పెద్దలు సెప్పేరు. నా పెళ్ళప్పుడు మాయమ్మ సెవిలో వేసింది."

"మరి మీరు..."

"రోజూ సూసేను."

ఆర్జూకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏనాడో, ఎక్కడో, పొయ్యి ముందు భయపడుతూ నిలబడ్డ ఆడదాన్ని ఎవరో పెద్దమనిషి తలుచుకున్నాడన్నమాట. ఆ మాటని ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుని, ఇవాళ తన కోసం ఇంత నొప్పితో నడిచొచ్చి చెప్పింది అత్తగారు. ఆ మేలు ఎలా తీర్చుకోవాలి? అయినా చెంచా పెదాల దాకా వచ్చి ఆగింది. చూస్తే, నా మొగుడు కోపిష్టి అని దేవుడి ముందు ఒప్పుకున్నట్టే. పుట్టింట్లో ఎవరడిగినా "ఆయన చాలా మంచోరు" అంటుంది. ఉపవాసంతో ఆడే ఆ అబద్ధం కన్నా ఈ ఉప్పు ఎక్కువ తప్పా? నాలుక చివర ఆనించి ఉమ్మేసింది. చిటికెడు తక్కువైంది. వేసింది.

ముజాహిద్ మారు పోయించుకున్నాడు. బుడాన్ సాహెబ్ మురిసిపోయాడు. "అత్త సెయ్యి కోడలికొచ్చేసింది. రుచి సూడకుండా ఎలా కుదిర్సిందో సూడు."

ఊరుకుంటే సరిపోయేది. ఇల్లు చల్లగా ఉండేది. అత్తగారు ఊరుకునే కదా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది.

"చూసేను మావయ్యా" అంది ఆర్జూ. "మొగుడు కోపిష్టోడైతే చూడొచ్చంట."

ముజాహిద్ చెంచా ఆగిపోయింది. "ఎవలు సెప్పేరు?" అన్నాడు బుడాన్ సాహెబ్.

"నేనే" అంది అక్బరీ బేగం, గిన్నెలోకి చూస్తూ. "నా సేతిలో మహిమేటీ లేదు."

ముసలాయన గిన్నె కింద పెట్టేశాడు.

"రేపు కూడా సూస్తావా?" అన్నాడు ముజాహిద్, గొంతు తగ్గించి.

ఆర్జూ అత్తగారి గిన్నెలో ఇంకో గరిటెడు గంజి పోసింది.

"అది మీ చేతిలో ఉంది."