తాగినాడని రాసుకోండి

నా మొగుడు గడ్డిమందు తాగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఊళ్లో ఎవర్నడిగినా తాగాడనే చెబుతారు. తాగాడని నేను కూడా సంతకం పెట్టాను.

మాది చిలమత్తూరు దగ్గర పల్లె. రెండెకరాల మల్బరీ తోట, ఒక బోరు, రేకుల షెడ్డులో పట్టుపురుగులు. పట్టుపురుగంత సుకుమారం ఇంకెక్కడా చూడలేదు నేను. బీడీ తాగినవాడు దగ్గరికొస్తే మేత మానేస్తుంది. చేతికి మందు వాసనుంటే చాలు, తల వేలాడేస్తుంది. అందుకే పురుగులున్నన్నాళ్లూ షెడ్డు గుమ్మం దగ్గర నాదే రాజ్యం. చేలో మందు కొట్టి వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, సబ్బుతో ఒళ్లు రుద్దుకుని, గుడ్డలు మార్చుకుంటేనే లోపలికి. మా చుట్టుపక్కల పురుగులు పెంచే ఇళ్లన్నింట్లోనూ ఇదే పద్ధతి. దీనికి ఎవరూ ఎదురు చెప్పరు.

ఆ రోజు షెడ్డులో పురుగులు లేవు. పట్టుగూళ్లు అమ్మేశాం. తోటలో కొమ్మలు కొట్టేశాం. మోళ్లు చిగురించేలోపు మధ్యలో గడ్డి చావాలని మా ఆయన ఎర్రిస్వామి మందు కొట్టాడు. వీపున మోసే డబ్బా మూత దగ్గర కారుతోంది. దానికో గుడ్డపేలిక చుట్టి సరిపెట్టాడు. అప్పటికే కొమ్మల మోపులు మోసి వీపంతా గీరుకుపోయి ఉంది. దాని మీదుగా మందు నడుం దాకా దిగింది. ఆ తడి చొక్కాతోనే వచ్చి అరుగు మీద కూర్చుని అన్నం తిన్నాడు, ఆ తడి చొక్కాతోనే పొద్దుగూకేదాకా మోటారు దగ్గర తిరిగాడు. షెడ్డులో పురుగులుంటే గుమ్మం దగ్గరే అరిచి నీళ్ల తొట్టి దగ్గరికి తోలేదాన్ని. మనిషి ఒక్కడే కదా ఉన్నది, ఎవరికీ తొందర లేకపోయింది. తల్చుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది.

మర్నాటికి వీపు బొబ్బలెక్కింది. ఎండదెబ్బ అనుకుని కొబ్బరినూనె రాశాను. తర్వాత వాంతులు పట్టుకున్నాయి, ఒంటేలు ఆగిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోతే చీటీ రాసే ఆమె తలెత్తకుండానే అడిగింది.

"ఏం మందు?"

"గడ్డిమందు."

"ఎంత తాగినాడు?"

"తాగలేదు మేడం. తోటలో కొట్టినాడు."

ఆమె అప్పటికే రాసేసింది. గడ్డిమందని వచ్చేవాళ్లంతా తాగే వస్తారట, ఆమె చెయ్యి ఆ రాతకే అలవాటు పడింది. "అందరూ ఇట్లే చెప్తారులేమ్మా" అంది పక్కనున్న నర్సు. నాకు ఎక్కడలేని కోపం వచ్చి, మా ఆయన చొక్కా పైకెత్తి ఆ వీపు చూపించాను. చూసి "అయ్యో పాపం" అంది. రాసింది మాత్రం మార్చలేదు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి, దీనికి విరుగుడు లేదన్నాడు. కిడ్నీలు తేరుకున్నా ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడిపోతాయట. ఇదంతా జరుగుతుంటే మా ఆయనకు తెలివి మాత్రం నిక్షేపంగా ఉంది. పక్క మంచం ముసలాయనతో పరాచికాలాడేవాడు. ఆయాసం మొదలయ్యాక నా చెయ్యి పట్టుకుని "గాలి పెట్టమని అడుగు ఈశ్వరీ" అన్నాడు. అడిగాను. ఈ మందుకు ఆక్సిజన్ తోడైతే ఊపిరితిత్తులు ఇంకా తొందరగా పాడవుతాయి, మరీ గత్యంతరం లేకపోతేనే పెట్టాలి అన్నాడు డాక్టరు. గాలి కోసం ఏడ్చేవాడికి గాలి పెట్టకూడదట! అట్లాంటి మందును అంగట్లో అడిగినవాడికల్లా అరనిమిషంలో చేతిలో పెడతారు.

పెనుకొండ కోర్టులో వకీలుగా ఉన్న భారతి, నేను ఇంటర్ ఒకే బెంచీలో చదివాం. ఫోన్ చేయగానే వచ్చింది. ఏడుస్తుంటే ఓదార్చలేదు, పని చెప్పింది.

"మందు సీసా పారేసినారా? ఉంటే దాచిపెట్టు. చొక్కా ఉతకద్దు, కవర్లో కట్టు. వీపు ఫొటోలు తీయి. బిల్లు ఉండాదా?"

"జయరామన్న అంగట్లో బిల్లు యాడిస్తాడే?"

"సరే. వినియోగదారుల కమిషన్లో కంపెనీ మీద, అంగడి మీద కేసు వేయొచ్చు. రెండేండ్ల లోపల వేయాల. ఒంటికి తగిలితే ఏమైతాదో చెప్పకుండానే అమ్మినారు, చేతికి గ్లౌజులు కూడా ఇయ్యలేదు. పోలీసు కంప్లయింటు వేరే ఇద్దాం. కానీ తాగినాడని ఆసుపత్రి కాయితంలో ఉంటే వాళ్ల వకీలు మొదటి వాయిదాకే నవ్వుతాడు. ఎర్రిస్వామన్న తెలివితో ఉండంగనే మేజిస్ట్రేటు ముందర నిజం చెప్పాల."

"గెలుస్తామా?"

"ఏండ్లు పడతాది. గెలుస్తామని నీకు అబద్ధం చెప్పలేను."

ఏళ్లు పట్టినా సరే అనుకున్నాను. నాకు కావలసింది ఒక్కటే. నా మొగుడు పిరికివాడిలా తాగి చావలేదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. పదో తరగతి చదివే నా కూతురు ఆశ్రితను రేపు ఎవరూ 'తాగి సచ్చినోని బిడ్డ' అనకూడదు. మేజిస్ట్రేటును పిలిపించమని ఆసుపత్రిలో, పోలీసు స్టేషన్లో కాళ్లరిగేలా తిరిగాను.

ఈలోగా జయరాం వచ్చాడు, బత్తాయిలు పట్టుకుని. చిలమత్తూరులో ఎరువుల అంగడి ఆయనదే, మాకు దూరపు చుట్టం కూడా. నాతో కాదు, మా ఆయన అన్న గురప్ప బావతో మొదలుపెట్టాడు.

"చూడు గురప్పా, భూమి పాస్‌బుక్కు వీని పేరు మీదే ఉండాది. బ్యాంకు అప్పుండాది. రైతు అప్పులకు తాగి పోతే సర్కారు పరిహారం ఇస్తాది. విచారణకు కమిటీ వస్తాది, నేను మాట్లాడతా. అదే మందు కొట్టి పోయినోనికి ఎవుడిస్తాడప్పా దుడ్లు?"

బతికున్న మనిషి మంచం పక్కన నిలబడి అంటున్నాడు ఈ మాట. 

"నీ అంగడి కాపాడుకునేకి నా మొగుని పిరికోన్ని చేస్తావా? సిగ్గులేదా నీకు? లెయ్యి ఈడ్నించి!" అని అరిచాను. వార్డంతా మావైపు తిరిగింది. జయరాం మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆ బత్తాయిలు పక్క మంచం వాళ్లకిచ్చేశాను. మా ఆయన పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

మేజిస్ట్రేటు వచ్చిన రోజు మమ్మల్నందర్నీ బయటికి పంపారు. కిటికీ రెక్క సరిగా పడదు. అక్కడ చెవి పెట్టి నిలబడ్డాను.

"ఏం జరిగిందో నీ అంతట నువ్వే చెప్పప్పా" అన్నాడాయన.

ఆయాసం మధ్యలోంచి మా ఆయన గొంతు వచ్చింది.

"తాగినా సార్. బోరు ఎండిపోయింది. అప్పులెక్కువైనాయి. తాగినాడని రాసుకోండి."

మా బోరు ఎండలేదు. ఆ పొద్దు కూడా నిండుగా పోస్తోంది. "అబద్ధం!" అని లోపలికి పరుగెత్తబోతే నర్సు నా రెక్క పట్టుకుని ఆపింది. మేజిస్ట్రేటు వెళ్లిపోయాక మంచం దగ్గరికి పోయి మా ఆయన్ను నిలదీశాను. చావుబతుకుల్లో ఉన్న మనిషని కూడా చూడలేదు, నోటికొచ్చినట్టు తిట్టాను.

"కేసు ఏండ్లు పడతాదని భారతమ్మ చెప్పింది, నేను ఇనలేదా?" అన్నాడు మాట మాటకీ ఆగుతూ. "అంతవరకు ఆశ్రిత ఏం తింటాది? ఎట్లైనా సచ్చేదే కదా. ఎట్ల సచ్చినానని రాస్తే మీకు కూడు దొరుకుతాదో అట్లే రాసుకోనీ."

"నువ్వు తాగలేదని నీ బిడ్డకు ఎవరు చెప్పాల?"

"నువ్వు చెప్పు" అన్నాడు. నవ్వబోయాడు, దగ్గు ఆ నవ్వును మింగేసింది.

ఆ వారంలోనే పోయాడు. కమిటీ వాళ్లు మా వాకిట్లో కుర్చీలేసుకుని కూర్చున్నారు. "మీ ఆయన మందు తాగినాడా అమ్మా?" అనడిగారు. ఆశ్రిత మంచినీళ్లు పట్టుకుని నా పక్కనే ఉంది. చొక్కాను కవర్లో కట్టిపెట్టిందీ అదే, వీపు ఫొటోలు తీసిందీ అదే. దాని ముందర నేను "తాగినాడు సార్" అన్నాను. సంతకం పెట్టాను. అది గ్లాసులు అక్కడే దించేసి ఇంట్లోకి వెళ్లిపోయింది. భారతికి ఫోన్ చేసి కేసు వద్దన్నాను. "సరేలే" అంది.

పరిహారం వచ్చింది. బ్యాంకు అప్పు తీరింది, ఆశ్రిత కాలేజీలో చేరింది. తింటున్నాం. మా ఆయన లెక్క తప్పలేదు, అదే నా కడుపుమంట.

ఒకరోజు యూరియా కోసం జయరాం అంగడికి పోతే, మెట్ల మీద నలుగురి మధ్య కూర్చుని చెబుతున్నాడు. "తాగితే సస్తారు గానీ కొడితే ఎవుడన్నా సస్తాడాప్పా? మా ఎర్రిస్వామిదీ తాగిన కేసే. సర్కారే రాసిచ్చింది." నన్ను చూసి కూడా ఆగలేదు. ఎందుకాగాలి? నా సంతకం ఉంది కదా. వినేవాళ్లు తలూపి తలా ఒక సీసా పట్టుకుపోయారు.

మొన్న గురప్ప బావ మా పాక నుంచి ఆ డబ్బానే తీసి వీపుకు తగిలించుకున్నాడు, దారికవతల తన చేలో గడ్డిమందు కొట్టడానికి.

"అది వద్దు బావా, కారుతాది. ఆయప్ప దాంతోనే పోయినాడు" అన్నాను.

ఆయన వింతగా చూశాడు. "అదేందమ్మా? వాడు తాగినాడు కదా. నా తమ్ముడు మేజిస్ట్రేటు ముందర అబద్ధం చెప్తాడా? నువ్వు సంతకం పెట్టలేదా?"

ఆసుపత్రిలో జయరాం మాట విన్న మనిషే, అయినా తమ్ముడి మాటే నమ్మాడు. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అడిగాడు. ఏమని చెప్పను?

మధ్యాహ్నానికి పని ముగించుకుని వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. మా అరుగు మీద కూలబడి, "ఇంత సంగటి పెట్టమ్మా" అన్నాడు. ఆయన కూర్చున్నది సరిగ్గా మా ఆయన కూర్చున్న చోటే. 

"లెయ్యి బావా, లెయ్యి!" అని అరిచాను. "పొద్దున్నే పురుగులు తెచ్చినాం. షెడ్డులో పసిపురుగులుండాయి. మందు వాసన తగిలితే అన్నీ సస్తాయి!"

"అయ్యో, ముందే చెప్పకూడదా తల్లీ!" అంటూ ఎగిరి లేచాడు. పెద్దమనిషి, సిగ్గుపడిపోయి తొట్టి దగ్గరికి పరుగు తీశాడు. చొక్కా అక్కడే విప్పి పడేశాడు. సబ్బిచ్చాను. వీపు అందకపోతే ఆశ్రితను పిలిచి చెంబుతో నీళ్లు పోయించాను. "ఇంకా రుద్దు బావా, వాసన పోలేదు" అంటూనే ఉన్నాను. ఆయన చర్మం ఎర్రబడేదాకా రుద్దుకున్నాడు, "పురుగులకేం కాదు కదమ్మా?" అని అడుగుతూ.

షెడ్డులో ఒక్క పురుగు కూడా లేదు. ఆశ్రిత చెంబు పక్కన పెట్టి ఖాళీ తట్టల వైపు చూసింది, నావైపు చూసింది. వెళ్లి షెడ్డు తలుపు దగ్గరికి వేసి వచ్చింది.