కొత్త మరకు నూనె

సున్నా మూతపడటం లేదు. కోడలికి పిచ్చెక్కినంత పనవుతోంది.

ఒకటి, ఏడు లాంటివి ఎలాగో నెట్టుకొచ్చాయి. సున్నా దగ్గరికొచ్చేసరికి పరువు పోయింది. చెక్కలో గుండ్రంగా గాడి తీస్తున్న బిట్టు బయలుదేరిన చోటికి తిరిగి చేరాల్సింది పోయి, పక్కకి జరిగి ఆగింది. చిన్నపిల్లలు వేలితో దిద్దుకునే అంకెల పలకలవి. నమూనాలు నచ్చితే అన్ని తరగతులకూ చేయిస్తానని బడి టీచరు మాటిచ్చింది. ఈ సున్నా చూపిస్తే పిల్లలు దాన్ని ఆరు అని నేర్చుకుంటారు.

ఆ బుల్లి మరను కోడలు తన చేతులతోనే కట్టుకుంది. ఒక్కో వైపుకీ ఒక స్టెప్పర్ మోటారు, దానికి బిగించిన లీడ్‌స్క్రూ, అంటే పొడవాటి మరచువ్వ, దాని మీద నడిచే ప్లాస్టిక్ నట్టు. మోటారు అడుగులేసినట్టు కొంచెం కొంచెంగా తిరుగుతుంది. చువ్వ తిరిగితే నట్టు జరుగుతుంది, నట్టుతోపాటు బిట్టూ జరుగుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఎక్కడైనా బిగుసుకుని మోటారు అడుగు తప్పితే ఆ సంగతి మరకు తెలియదు. వేశాననే అనుకుని ముందుకు పోతుంది. మనుషుల్లోనూ అలాంటివాళ్ళున్నారు గానీ, వాళ్ళ సంగతి ఇప్పుడెందుకు.

కోడలు నట్టు విప్పి చూసింది. లోపల నల్లటి ముద్ద. చెక్కపొడి నూనెలో నాని, మరగీతల సందుల్లో గట్టిపడిపోయింది. వాసన చూస్తే కుట్టుమిషన్ నూనె.

"దీంట్లో నూనె పోసిందెవరు?" అని భర్తను నిలదీసింది.

భర్త బస్సు డ్రైవరు. స్టీరింగు తప్ప ఇంకో చక్రం తిప్పి ఎరగడు. "నేనే" అన్నాడు గబుక్కున.

"ఎప్పుడు?"

"నిన్న... కాదు, మొన్న."

"ఎక్కడ పోశారు?"

"మోటార్లో."

"వాడి మొహం!" అంది అత్తగారు గుమ్మంలోంచి. "వాడికి నూనె డబ్బా మూత తియ్యడం కూడా రాదు. నేనే వేస్తున్నానమ్మాయ్, రోజూ పొద్దున్నే."

అత్తగారు కుట్టుపనితోనే ఈ ఇంటిని నిలబెట్టింది. చూపు మందగించి సూదిలో దారం ఎక్కించలేకపోయాక, మిషన్‌ను చెల్లెలి కూతురికి ఇచ్చేసి, కిటికీ పక్క చోటు కోడలి మరకు వదిలేసింది. ముందు మిషన్ నోట్లో నూనెచుక్క, తర్వాతే తన నోట్లో నీళ్ళచుక్క అన్నది ఆవిడ నియమం. మిషన్ పోయినా చేతికి ఆ అలవాటు పోలేదు. మీరు కూర్చోండి, మీరు కూర్చోండి అంటూ కొడుకూ కోడలూ ప్రేమకొద్దీ ఆవిడ చేతిలోంచి పనులన్నీ లాగేసుకున్నారు. ఆవిడకంటూ మిగిలింది ఆ చుక్క నూనె వెయ్యడమే.

ఆ సంగతి కోడలికి తెలుసు. అయినా ఒళ్ళు మండిపోతోంది. "దీనికి నూనె పనికిరాదు అత్తయ్యా. పొడిగానే నడవాలి. ఇంకెప్పుడూ దీన్ని ముట్టుకోకండి."

"అలాగేనమ్మా" అని అత్తగారు నూనె డబ్బా తీసుకుని లోపలికెళ్ళిపోయింది. మామూలుగా అయితే, నాలుగు మాటలంటే తనూ నాలుగు అనేది. అనలేదు.

నట్టు కడిగి, చువ్వ తుడిచి ఆరబెట్టాక సున్నా ముచ్చటగా మూతపడింది. ఇల్లు మాత్రం మూగబోయింది. అత్తగారు ఆ గదిలో అడుగుపెట్టడం మానేసింది. కిటికీ వెయ్యాలన్నా కొడుకుని పిలిచేది.

"అమ్మకి నీ మీద కోపమేం లేదు" అన్నాడు భర్త.

"కోపమైతే బాగుండేది" అంది కోడలు.

టీచరు వస్తానన్న రోజు కోడలు ఆఖరి పలకను మరకెక్కించింది. బిట్టు సగం దూరం పోయిందో లేదో, వంటింట్లోంచి కేక వినపడింది. "ఆపవే! ఆపు! బిగుసుకుంటోంది!"

కోడలు ఠక్కున మర ఆపింది. చువ్వ చూసింది, నట్టు చూసింది, గాడి కొలిచింది. ఎక్కడా ఏ లోపమూ లేదు. అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చి, గడప అవతలే నిలబడి ఆయాసపడుతోంది.

"పాడైందా?"

మీ వల్లే దక్కిందని చిన్న అబద్ధమాడితే పోయేదేముంది? మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ జాలితో చెప్పిన మాటని ఆవిడ ఇట్టే పసిగట్టేస్తుంది.

"ఏం కాలేదు అత్తయ్యా. బాగానే ఉంది."

"మరి అలా మూలిగిందేం?"

"దాని గొంతే అంత. నెమ్మదిగా తిరిగేటప్పుడు అలాగే మూలుగుతుంది."

"ఆ సంగతి నాకెవరు చెప్పారే?" అంది అత్తగారు.

నిష్ఠూరం కాదు, అడిగిందంతే. కోడలికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు తనకి మిషన్ తొక్కడం రాక, చక్రం వెనక్కి తిరిగి దారం తెగిపోతుంటే, ఈవిడే పక్కన కూర్చుని, తన పాదం మీద పాదం వేసి తొక్కించింది. ఎన్ని గుడ్డలు తగలేసినా ముట్టుకోవద్దని ఒక్కనాడూ అనలేదు. తను ఈ మర గురించి ఆవిడకు చెప్పింది ఆ ఒక్క మాటే.

కరెంటు ఉన్నంతసేపూ మోటారు చువ్వను చేత్తో తిప్పనివ్వదు; తీసేస్తే బిట్టు ఎక్కడుందో మర మరిచిపోతుంది. సగంలో ఉన్న పలక ఇక చెత్తబుట్టకే. అయినా కోడలు కరెంటు తీసేసింది. అత్తగారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మర ముందు కూర్చోబెట్టి, ఆవిడ వేళ్ళు చువ్వ మీద ఉంచింది.

"తప్పయిపోయింది అత్తయ్యా. మొదట్నుంచీ చెప్తాను. మర గీతలు తగులుతున్నాయా?"

"ఆఁ."

"మీరే తిప్పండి, మెల్లగా."

తిప్పింది. నట్టు జరిగింది. "అమ్మో, నడుస్తోందే!" అని వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. "టీచరు వచ్చే వేళయింది కదే?"

"వస్తే కూర్చుంటుంది లెండి."

అత్తగారు మళ్ళీ చువ్వ మీద వేళ్ళు పెట్టింది. "సరే, తర్వాత?" అంది.