వంటగదిలోంచి ఫోను

అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. మతిమరుపు ముదిరాక, కన్నకూతురు ఎదురుగా నిలబడి గొంతు చించుకున్నా ఉలకదు, పలకదు. ఫోను మోగిందా, ఎక్కడలేని ప్రాణం లేచొస్తుంది మహాతల్లికి! అందుకే కూతురు వంటగదిలోకి వెళ్ళి, సెల్లులోంచి హాల్లోని ఫోనుకి చేసి మాట్లాడుతుంది. ఆ సాయంత్రమూ అదే చేసింది.

"నమస్కారమండీ, ఎవరు కావాలి?" అంది అమ్మ, నిటారుగా కూర్చుని.

"నేనేనమ్మా, నీ కూతుర్ని. ఎలా ఉన్నావు?"

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా తల్లీ!" అమ్మ రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించింది. "ఇక్కడెవరో ఒకావిడ ఉందే. రాక్షసి. పొద్దున మాత్ర ఉమ్మేశానని చెంప ఛెళ్ళుమనిపించింది. నన్ను తీసుకెళ్ళిపోవే."

పొద్దున లేచిన కూతురి చెయ్యే ఇప్పుడు సెల్లు పట్టుకుని ఉంది. "వచ్చేస్తానమ్మా" అనబోతూ ఆమె వెనక్కి జరిగింది. మోచెయ్యి తగిలి గట్టు మీది గిన్నె ఖంగుమని కింద పడింది.

హాల్లో అమ్మ ఉలిక్కిపడింది.

"పెట్టేస్తున్నానే," అంది గుసగుసగా. "అది వంటగదిలోనే ఉంది. వింటే మళ్ళీ కొడుతుంది."