డబ్బా మూత

మొగుడు పోయిన మూడో రోజు, మూడొద్దులనాడు పిట్టకు కూడు పెట్టి, కాకి ముట్టేదాకా గుక్కెడు నీళ్లు కూడా తాగనని భీష్మించుకు కూర్చుంది అనసూర్య. పోయిన మనిషికి మనసులో కోపం ఉంటే కాకి ముట్టదంటారు కదా, ఆమె మొగుడు రాయమల్లు అలిగే పోయాడు మరి. ఆ రోజు పొద్దున్నే ఏదో పనికిమాలిన మాట మీద ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఆమె కట్టిన అన్నం డబ్బా అరుగు మీదే వదిలేసి బొగ్గుబాయిలో ఫస్టు షిఫ్టుకు బయల్దేరిన మనిషి, దారిలో చాయ్ హోటల్ దగ్గర గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆకలితోనే పోయాడే అని ఆమె కుమిలిపోతోంది.

అందుకే విస్తరి వద్దంది. ఆయన వదిలేసిన ఆ స్టీలు డబ్బాలోనే అన్నం, బోటి కూర సర్ది, గోదావరి ఒడ్డున సమాధి దగ్గర తన చేత్తో పెట్టింది. మనుషులుంటే కాకులు రావని అందరూ దూరంగా కట్ట మీదికొచ్చి కూర్చున్నారు. కాకులు వచ్చాయి, డబ్బా చుట్టూ తిరిగాయి, ఎగిరిపోయాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ పోయాయి. ఎండ నెత్తికెక్కింది.

"వాని కోపం ఇంక సల్లారలేదు," అన్నాడు రాయమల్లు మేనమామ గట్టయ్య. ముసలాయన నోటికి అడ్డూ అదుపూ ఉంటేగా!

రాయమల్లు తమ్ముడు వేణుమాధవ్ సంచిలోంచి కెమెరా తీశాడు. ఆదివారం వస్తే చాలు, ఈ ఒడ్డున పిట్టల ఫోటోలు తీయడం అతని పిచ్చి. ఆ కెమెరాకు లెన్సు విప్పేది లేదు, మార్చేది లేదు. మీట తిప్పితే మాత్రం ముక్కు జానెడు సాగి, అవతలి ఒడ్డు కొంగను తెచ్చి ఒళ్లో కూర్చోబెడుతుంది. 'పిట్టలదొర వచ్చిండు' అని అన్న ఎప్పుడూ ఆటపట్టించేవాడు.

"సావుకాడ ఫోటోలేందిరా, సిగ్గులేదా?" గట్టయ్య కస్సుమన్నాడు.

"ఫోటో కాదు మామ. కాకులు ఎందుకు ముడ్తలేవో సూద్దాం."

రాయి మీద తువ్వాలు మడిచి కెమెరా ఆనించాడు. చివరిదాకా జూమ్ చేసేసరికి బొమ్మ గజగజ వణికింది. కాసేపటికి కెమెరాయే సర్దుకుని బొమ్మను నిలబెట్టింది. వెనకనున్న తెరను పక్కకు తిప్పాడు.

"వదినా, జర గిటు సూడు."

అనసూర్య చూసింది. కాకి డబ్బాను పొడుస్తోంది. మూత బిగించి ఉంది. రెండు పక్కలా క్లిప్పులు నొక్కి ఉన్నాయి.

"అయ్యో, నా చేతులు పాడుగాను! మూత పెట్టి వచ్చిన్నా?"

బాయిలో బొగ్గుదుమ్ము పడుతుందని, పెళ్లయిన నాటి నుంచీ ఆ క్లిప్పులు నొక్కిన చేతులవి. ఈ రోజూ వాటంతట అవే నొక్కేశాయి. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చెప్పుల్లేకుండా కాలే ఇసుకలో పరుగెత్తి మూత తీసి, "తిను ఇగ, మల్ల అలిగినవంటే సూడు!" అని మొగుణ్ణి తిట్టి మరీ వచ్చింది.

ఆమె కట్టెక్కి కూర్చుందో లేదో, కాకి వాలి బోటి ముక్క అందుకుంది.

"ముట్టింది, ముట్టింది!" గట్టయ్యే అందరికంటే ముందు అరిచాడు.

అందరూ దండం పెట్టి లేచారు. వేణుమాధవ్ కెమెరా ఆపబోతే అనసూర్య అతని చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు వేణూ. ఎప్పుడూ బాయిలనే తినె. నేను కట్టిన డబ్బా ఆయన తినంగ ఒక్కనాడు సూడలే."

వేణుమాధవ్ కెమెరా కదిలించలేదు. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. అప్పుడు నీళ్లడిగింది.