నాలుగో బల్ల దగ్గర మూడో కుర్చీ

తలుపు ఇత్తడి పిడికి మూడోసారి పాలిష్ పెడుతుండగా గుమ్మం తాత జేబులో ఫోను గుర్రుమంది. పిడిలో అతని ముఖం సొరకాయలా సాగి కనిపిస్తోంది. దానికేసి ఒకసారి నాలుక బయటపెట్టి, సొరకాయ కూడా నాలుక బయటపెట్టిందని తృప్తిపడి, అప్పుడు ఫోనెత్తాడు.

"నాన్నా, భోజనాల బల్ల కొంటున్నాం. షాపాయన అడుగుతున్నాడు. కుర్చీలు రెండా, మూడా?"

కూతురు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మాటల్లో తండ్రిని మించింది.

"మీరెంతమంది?" అన్నాడు.

"అమ్మా నేనూ ఇద్దరం. నువ్వు కూర్చునే రకమైతే ముగ్గురం. ఇంటికొచ్చినప్పుడల్లా మా నెత్తిన నిలబడి వడ్డిస్తూనే ఉంటావుగా. మరి మూడో కుర్చీ ఎందుకు, తువ్వాలు ఆరేసుకోడానికా?"

"చూద్దాంలేవే."

"రేపటితో ఉద్యోగం ముగించి షిప్పు దిగేవాడివి, ఇంకెప్పుడు చూస్తావు? సాయంత్రంలోగా చెప్పు. పొద్దున్నే బండిలో వేసి పంపుతాడట."

ఆమె నవ్వింది, అతనూ నవ్వాడు. ఫోను జేబులో పెట్టుకున్నాక పిడిలోకి చూస్తే సొరకాయ మాత్రం నవ్వడం లేదు.

గుమ్మం తాత అసలు పేరు ఓడ కాగితాల్లో ఉంది. దాని పని అది అక్కడ చేసుకుంటోంది. పదిహేనేళ్ళుగా పదో అంతస్తులో, తివాచీ పరిచిన నడవా చివర, ఈ జంట తలుపుల ముందే నిలబడుతున్నాడు కాబట్టి పిల్లలు పెట్టిన పేరే ఖాయమైంది. తాత అనేంత ముసలివాడేం కాదు, యాభై ఎనిమిది. అంతకు ముందు ఏడేళ్ళు పళ్ళేలు మోసినందువల్ల ఎడమ భుజం కుడి భుజం కన్నా రెండు వేళ్ళు కిందికి దిగి ఉంటుంది. పిక్కల మీద నరాలు తాడు పేనినట్టు తేలాయి. బూట్లు మాత్రం అద్దాలు. వాటిలో చూసి తల దువ్వుకోవచ్చని వంటపెద్ద ఎగతాళి చేస్తాడు. దువ్వుకోడానికి నీ నెత్తిన ఏముందని గుమ్మం తాత అడుగుతాడు. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళిద్దరి స్నేహమంతా ఈ రెండు మాటల మీదే నడుస్తోంది.

తలుపు పక్కన బోర్డు: 'పద్దెనిమిదేళ్ళు నిండినవారికి మాత్రమే.' పిల్లల్ని ఆటల గదిలో దింపి, రెండు గంటలు మనుషుల్లా కూర్చుని తిందామనుకునే అమ్మానాన్నల కోసం పెట్టిన హాలు అది. "పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళకూడదు కదా" అంటుంది మేనేజరమ్మ. పిల్లిని దింపి వచ్చినా చంక ఖాళీ అవదని గుమ్మం తాతకి తెలుసు. లోపల కూర్చున్న తల్లి తన పళ్ళెంలో మాంసాన్ని గోరంత ముక్కలుగా కోసేసి, దాన్ని ఎవరి వైపు జరపాలో తోచక కాసేపు అలా చూస్తుంది. తండ్రి ఏదో మాట్లాడుతూనే బల్ల అంచున ఉన్న కత్తిని మధ్యకి నెడతాడు. సూపు మీద ఊదుతారు. తమ సూపు మీద కాదు, ఎదుటివాళ్ళ సూపు మీద.

పిల్లల్ని వెనక్కి పంపడం అతని ఉద్యోగం. ఏడిపించకుండా పంపడం అతని విద్య.

"లోపలికి రావచ్చు నాయనా, ఎవరొద్దన్నారు?" అంటాడు, నడుము వంచి, పెద్ద రహస్యం చెబుతున్నట్టు. "ఒకటే పరీక్ష. నవ్వు నాలుగు విధాల చేటని బాగా చదువుకున్నవాళ్ళు కూర్చునే గది ఇది. ఒక్క నిమిషం నవ్వకుండా నిలబడు. తలుపు తీసేస్తా."

జేబులోంచి ఇసుక గడియారం తీస్తాడు. వంటింట్లో గుడ్లు ఉడకేసేవాళ్ళు పారేసింది, సరిగ్గా నిమిషంపాటు జారుతుంది. దాన్ని బోర్లించి, చేతులు కట్టుకుని, ముందు కుడి చెవి కదిలిస్తాడు. తర్వాత ఎడమ చెవి. అప్పటికీ బిగబట్టుకున్నవాళ్ళుంటే, న్యాయమూర్తి ముఖం పెట్టి తన టై చివర నోట్లో పెట్టుకుని నెమరేస్తాడు. ఇసుక సగం దిగేదాకా ఆగిన పిల్ల లేదు, పిల్లాడు లేడు. పగలబడి నవ్వుకుంటూ, తలుపు సంగతి మరిచిపోయి, నడవాలో పరుగెత్తుకుంటూ పోతారు. తప్పినందుకు అంత సంబరపడే పరీక్ష లోకంలో ఇంకోటి ఉండదు.

ఆ పరీక్షలో ముందుగా తప్పినవాడు అతనే. ఓడెక్కిన ఏడాది, పది నెలల తర్వాత ఇంటికెళ్ళాడు. కూతురికి మూడేళ్ళు. చెవులు కదిలించాడు. కోతిలా గంతులేశాడు. తలకిందులుగా నిలబడబోయి కుండ పగలగొట్టాడు. పిల్ల నవ్వలేదు. వాళ్ళమ్మ వెనక నిలబడి, ఈ తమాషా అంతా చివరిదాకా చూసి, "అమ్మా, ఈయన ఎప్పుడు వెళ్తాడు?" అంది. ఆ మాట తలుచుకుని ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. అతను అందరికన్నా గట్టిగా నవ్వుతాడు. రెండు నెలల సెలవులో ఆ పిల్ల దగ్గరయ్యి, మెడకి వేళ్ళాడి, చెవి కదిలించమని ప్రాణం తీసే వేళకి మళ్ళీ పెట్టె సర్దుకునేవాడు. ఏటా అంతే. ఎప్పుడూ చుట్టంలా వచ్చాడు కాబట్టి, చుట్టమని ఎక్కడ తేలిపోతుందోనని, ఉన్నన్నాళ్ళూ గరిటె చేతిలోంచి దింపేవాడు కాడు. వడ్డించే మనిషిని ఎప్పుడు వెళ్తావని ఎవరూ అడగరు.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి తలుపు దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. ఏడేళ్ళుంటాయి. ఒక కాలి మేజోడు మడమ దాకా జారింది. చెంప మీద ఆటల గదిలో వేసిన పులి మీసాలు మూడే ఉన్నాయి, మిగతా మూడు చెరిపేసుకున్నట్టుంది. గుమ్మం తాత ముందు ఆటల గదికి ఫోను చేసి, "మీ మందలో ఒక పులి తగ్గిందేమో చూసుకోండమ్మా, నా దగ్గర క్షేమంగా ఉంది" అని చెప్పి, అప్పుడు నడుము వంచాడు.

"మా అమ్మ రోజూ సాయంత్రం ఇక్కడే తింటుంది" అంది పిల్ల. "ఆయనతో. నేను లోపల చూడాలి."

"ఆయనంటే?"

"అమ్మ పెళ్ళి చేసుకున్నాయన. కొత్తగా."

గుమ్మం తాత పరీక్ష సంగతి చెప్పాడు. పిల్ల తలూపింది. ఇసుక గడియారం బోర్లించాడు. కుడి చెవి అయింది, ఎడమ చెవి అయింది. టై సగందాకా నమిలాడు. పిల్ల రెప్ప కూడా వేయకుండా చూస్తోంది. కోపం లేదు, మొండితనం లేదు. ఈయన ఎప్పుడు ఆపుతాడా అన్నట్టు ఓపిగ్గా నిలబడింది. ఆ చూపు అతనికి కొత్త కాదు. పై బుడ్డిలో చివరి రేణువు జారేసరికి నోట్లో టై, ఒంటినిండా చెమట.

"అయిపోయింది. తలుపు తీయండి" అంది.

పదిహేనేళ్ళలో ఎవరూ నెగ్గలేదు కాబట్టి, నెగ్గితే ఏం చేయాలో అతను ఎప్పుడూ ఆలోచించుకోలేదు. లోపల భోజనాలు నడుస్తున్నాయి. బోర్డు చూశాడు. పిల్లని చూశాడు. మాట తప్పితే ఈ పిల్ల ఏడవదు, అదే భయం. సరే అని తలూపి వెళ్ళిపోతుంది.

"మూడింటికి రా తల్లీ. ఆటల గది అత్తకి నేను చెప్తా. మూడింటికి భోజనాలుండవు. భోజనాలు లేకపోతే ఇది ఉత్త గదే. ఉత్త గదికి వయసేంటి?"

మూడింటికి తలుపు రెండు రెక్కలూ తీసి పట్టుకున్నాడు, రాణివాసం వచ్చినట్టు. హాలంతా తెల్ల గుడ్డలు, బోర్లించిన గ్లాసులు. కింద ఎక్కడో ఇంజను అదురుకి గ్లాసులు ఒకదానికొకటి గుసగుస చెప్పుకుంటున్నాయి. నాలుగో బల్ల కిటికీ పక్కన ఉంది. కుర్చీ లాగి, పిల్ల కూర్చున్నాక లోపలికి నెట్టి, ఒళ్ళో రుమాలు పరిచి, మెనూ చేతికిచ్చాడు. దాన్ని తలకిందులుగా పట్టుకుని పిల్ల చాలాసేపు చదివింది. వంటపెద్ద వంటింటి కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఎవర్రా, నీ మొహానికి అతిథులు కూడానా?" అన్నాడు గానీ, చిన్న గిన్నెలో సూపు, రెండు రొట్టె ముక్కలు పంపించాడు.

పిల్ల చెంచా ముట్టలేదు. ఎదురు కుర్చీ చూసింది, తన కుర్చీ చూసింది, బల్ల చుట్టూ వంగి చూసింది.

"అన్నీ రెండు కుర్చీల బల్లలేనా?"

"ఈ హాల్లో అంతేనమ్మా."

"మూడోది పట్టదా?"

షిప్పులో బల్లలు కదలవు. నేలకి బోల్టులతో బిగించి ఉంటాయి. కదిలేవి కుర్చీలే. గుమ్మం తాత పక్క బల్ల దగ్గర్నుంచి ఒక కుర్చీ మోసుకొచ్చి మధ్యలో వేశాడు. పిల్ల దిగి, అటూ ఇటూ జానలతో కొలిచింది.

"కూర్చోండి. మనిషి కూర్చుంటే పడుతుందో లేదో తెలియాలిగా."

"నేనా?"

ఇరవై రెండేళ్ళలో ఆ హాల్లో అతను కూర్చోలేదు. కుర్చీలన్నీ అతనికి వీపుల వైపు నుంచే తెలుసు. అంచు మీద కాస్త ఒళ్ళు ఆనించాడు. మెత్తగా ఉంది, తనది కానట్టుగా ఉంది. వంటింట్లో ఫ్రిజ్ టక్కుమంది, లేచి నిలబడ్డాడు.

"కూర్చోమన్నానుగా" అంది పిల్ల.

కూర్చున్నాడు. పైన ఎవరో నడిచారు, లేచాడు.

పిల్ల చెయ్యి చాపింది. "ఆ గడియారం ఇవ్వండి. ఇది మీకు పరీక్ష. ఒక్క నిమిషం లేవకూడదు." అని బోర్లించింది.

గుమ్మం తాత రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకున్నాడు, తుఫానులో పడవ పట్టుకున్నట్టు. పది రేణువులు. ఇరవై. మోకాళ్ళు వాటంతటవే లేస్తామంటున్నాయి. సగం దిగింది. వంటింటి కిటికీ దగ్గర వంటపెద్ద పాపం ఇంతసేపూ ఓర్చుకున్నాడు, ఇక వాడి వల్ల కాలేదు. పళ్ళెం సిద్ధమైందని కొట్టే గంట తీసి టింగుమని ఒక్కటి కొట్టాడు. గుమ్మం తాత స్ప్రింగు బొమ్మలా ఎగిరి, భుజాన తువ్వాలు వేసుకుని, "వస్తున్నా" అని రెండు అడుగులు కూడా వేసేశాడు.

పిల్ల నవ్వింది. ముందు ముక్కులోంచి, తర్వాత నోట్లోంచి, తర్వాత బల్ల మీద తల పెట్టి. సగం దారిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి.

"నవ్వేశాను. ఇప్పుడు బయటికి పంపేస్తారా?"

"నువ్వు నెగ్గి చాలాసేపయింది తల్లీ. ఓడింది నేను" అన్నాడు గుమ్మం తాత. వంటింటి వైపు తిరిగి వంటపెద్దని నాలుగు తిట్లు తిట్టాడు.

వెళ్తూ వెళ్తూ పిల్ల మూడో కుర్చీని బల్ల కిందికి సరిగ్గా జరిపింది. "పడుతుంది" అంది. "తీయొద్దు."

అతను తీయలేదు. సాయంత్రం హాలు సర్దేటప్పుడు రెండుసార్లు దాని వీపు మీద చెయ్యి వేసి, రెండుసార్లూ వదిలేశాడు.

ఆరున్నరకి నాలుగో బల్లవాళ్ళు వచ్చారు. తల్లికి పిల్ల కనుబొమలే. కొత్తాయన కాస్త బెరుకు మనిషి, ఎప్పుడూ గ్లాసుకి కూడా థాంక్స్ చెబుతాడు. ఆమె మూడో కుర్చీ చూసి ఆగింది.

"ఇంకెవరైనా వస్తున్నారా?"

"లేదమ్మా. అది మీ అమ్మాయి వేయించింది. హాలు మూసి ఉన్నప్పుడు వచ్చి కొలత చూసుకుని వెళ్ళింది."

"ఏం కొలత?"

"మూడోది పడుతుందో లేదోనని."

తల్లి కుర్చీ వీపు మీద వేలితో ఒక గీత గీసింది. "ఏమంది?"

"పడుతుందంది." మెనూలు బల్ల మీద పెట్టి, "నవ్వింది కూడానమ్మా" అన్నాడు.

"అదా? నవ్విందా?"

కొత్తాయన అప్పటికే విప్పిన రుమాలుని మళ్ళీ నాలుగు మడతలు పెడుతున్నాడు. లేచి నిలబడి, ఆమె వైపు కాక గుమ్మం తాత వైపు చూసి అడిగాడు: "పై అంతస్తు పెద్ద హాల్లో ముగ్గురికి చోటుంటుందా అండీ?"

"ఉంటుంది బాబూ. అక్కడ గోల ఎక్కువ."

"పర్లేదండీ. థాంక్స్."

వాళ్ళు నడవాలో ఆటల గది వైపు తిరిగారు. మొదట మామూలుగా నడిచిన తల్లి, మలుపు దగ్గర చెప్పులు చేతిలోకి తీసుకుంది.

"నాలుగో బల్ల ఖాళీ ఏంటి?" అంది మేనేజరమ్మ.

"కడుపు నిండి వెళ్ళారమ్మా."

"తినకుండానే?"

"కొందరికి నిండుద్దమ్మా."

ఆమె అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, రేపు దిగిపోయేవాడితో గొడవెందుకని ఊరుకుంది. అతను తలుపు పక్కకి జరిగి ఫోను తీశాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'మూడు' అని కొట్టాడు. జవాబు వెంటనే వచ్చింది: 'లేవకుండా కూర్చుంటావా?' 'నేర్చుకుంటున్నా' అని పంపాడు.

తెల్లవారి ఓడ రేవులో ఆగింది. దిగేవాళ్ళ వరసలో గుమ్మం తాత పెట్టె ఉంది గానీ, ఓ పది నిమిషాలు మనిషి లేడు. తర్వాత వచ్చి, పెట్టె అందుకుని, వంటపెద్దకి దూరం నుంచే నెత్తి దువ్వుకుంటున్నట్టు సైగ చేసి, మెట్లు దిగిపోయాడు. ఎడమ భుజం రెండు వేళ్ళు కిందికి.

హాలు ఊడ్చే మనిషి వచ్చేసరికి తలుపు ఓరగా ఉంది. నాలుగో బల్ల దగ్గర మూడో కుర్చీ వెనక్కి జరిగి ఉంది. దాని మెత్త నడిమధ్య గుంట పడి, మెల్లగా పైకి లేస్తోంది. బల్ల గుడ్డ మీద ఇసుక గడియారం నిటారుగా నిలబడి ఉంది. పై బుడ్డిలో ఒక్క రేణువు కూడా లేదు. కింది బుడ్డిలో చిన్న కుప్ప, ఓడ అదురుకి దాని కొన నెమ్మదిగా చదునవుతోంది.